అమ్మ ఉన్నట్టుండి మహేంద్రగిరి అంటోంది, ఈ చలిలో ఆదివారం వెళ్ళొచ్చా?

సోంపేట_సూరి (శుక్రవారం రాత్రి)
ఇందాక అన్నం తింటూ అమ్మ ఉన్నట్టుండి "ఎల్లుండి మహేంద్రగిరి వెళ్దామా" అంది. అమ్మ పుట్టిల్లు మన శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర. చిన్నప్పుడు పెరట్లో నిలబడితే ఒడిశా సరిహద్దు అవతలున్న ఆ శివుడి కొండే కనిపించేదట. శివరాత్రికి ఊళ్ళో మగవాళ్ళంతా వెళ్ళేవారు, ఆడపిల్లల్ని పంపేవారు కాదు. పెళ్ళయ్యాక పిల్లలు, పొలం పనులు, మంచాన పడ్డ మామ్మకి సేవలు. అరవై దాటాయి, ఇప్పటికీ ఎక్కలేదు. మొక్కేమీ లేదు, ముహూర్తం అడగలేదు. ధనుర్మాసం కదా, బుద్ధి పుట్టింది అంటోంది, అంతే.

నా టెన్షన్ నాది. బీపీ మాత్ర వేసుకుంటుంది. కుడి మోకాలు నొప్పి. ఘాట్ రోడ్డంటే వాంతులు. పైగా ఈ వారం మా ఊళ్ళోనే పొద్దున ఎనిమిది దాకా పొగమంచు. తమ్ముడేమో వేసవికి చూద్దాం అన్నాడు. ఆ మాట వినగానే అమ్మ ఏమీ అనకుండా కంచం తీసుకుని లేచిపోయింది.

డిసెంబరులో వెళ్ళినవాళ్ళు ఎవరైనా చెప్పండి. ఏ దారి మంచిది? కారు ఎంతవరకు వెళ్తుంది? నడక ఎంత?

మందస_కోవా
వేసవి అన్న తమ్ముడిని నాకు ఒకసారి చూపించు. మే నెలలో ఆ బండలు పట్టుకుంటే చేతులు కాలతాయి. ఎక్కడానికి ఇదే సీజన్.

పాతపట్నం_బండి
దారి సంగతి నేను చెప్తాను, ఆ రూటులో బండి తిప్పుతాను కాబట్టి. మందస వైపు నుంచి కొండ దగ్గరగా కనిపిస్తుంది. అది చూసి అటు వెళ్దామనుకోకండి. అటు నుంచి ఉన్నది కాలిబాట, సవర గిరిజనుల గూడేల మధ్యగా, గట్టి కాళ్ళున్న కుర్రాళ్ళకి, అదీ దారి తెలిసినవాళ్ళు తోడుంటే. అమ్మగారిని తీసుకెళ్ళాలంటే టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా వెళ్ళి, కొయిన్‌పూర్ వైపు నుంచి ఎక్కాలి. పర్లాకిమిడి నుంచి సుమారు 50 కిలోమీటర్లు. మీకు చుట్టే, కానీ బండి పైదాకా పోతుంది.

మీది ఏ కారు?

సోంపేట_సూరి
స్విఫ్ట్. ఐదేళ్ళ బండి.

పాతపట్నం_బండి
పర్లాకిమిడి దాకా స్విఫ్ట్‌లో రండి. అక్కడ వదిలేసి బొలేరో మాట్లాడుకోండి. చిన్న కారు వెళ్ళదని కాదు, కొన్ని మలుపుల దగ్గర కింద తగులుతుంది. మంచు పడుతున్నప్పుడు కొత్తవాళ్ళు ఆ మలుపుల్లో నడపకూడదు. మన బండే అని పంతానికి పోకండి.

రాజాం_రాజు
మ్యాపులో మహేంద్రగిరి అని కొట్టి గుడ్డిగా బయల్దేరకండి. నాకు తమిళనాడు తిరునెల్వేలి జిల్లా చూపించింది. అక్కడి మహేంద్రగిరిలో ఇస్రో వాళ్ళు రాకెట్ ఇంజిన్లు పరీక్షిస్తారు. అమ్మగారు శివుడి కోసం వెళ్తే రాకెట్ కనిపిస్తుంది.

మందస_కోవా
@రాజాం_రాజు హహ. మా బావమరిదికి కూడా ఇలాగే చూపించింది. గజపతి జిల్లా, ఒడిశా అని కలిపి కొట్టాలి.

విజయనగరం_వాణి
నేను కొంచెం వేరేగా చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ముందు రోజు అనుకుని, తర్వాతి రోజు కొండెక్కడం పెద్దవాళ్ళకి మంచిది కాదు. అంత శివదర్శనమే కావాలంటే ఎస్.కోట దగ్గర పుణ్యగిరి ఉంది. మెట్లున్నాయి, చుట్టూ అడవి, పక్కనే నీటి ధార. టెక్కలి దగ్గర రావివలస ఎండల మల్లికార్జునుడైతే కొండే ఎక్కక్కర్లేదు, అంత పెద్ద లింగం ఆరుబయట ఎండలోనే ఉంటుంది. అలవాటు చేసి, మోకాలికి వైద్యం చేయించి, వచ్చే కార్తీకంలో మహేంద్రగిరి పెట్టుకోవచ్చు.

ఎస్‌కోట_చిన్నోడు
పుణ్యగిరి మా ఊరి కొండ కాబట్టి రమ్మనే అంటాను. కానీ వాణి గారూ, ఆవిడ అడిగింది పుణ్యగిరి కాదు కదండీ.

అరసవల్లి_లక్ష్మి
అదే నేనూ అనబోయాను. వాణి గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ 'వచ్చే కార్తీకం' అనే మాట మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎన్నేళ్ళు విన్నారో ఆలోచించండి. మా అత్తగారు రామతీర్థం వెళ్ళాలని అడిగేవారు. విజయనగరం పక్కనే, బస్సెక్కితే గంట. ఎప్పుడూ ఏదో ఒక అడ్డు. పిల్లల పరీక్షలు, కోతలు, ఎవరిదో పెళ్ళి. చివరికి తీసుకెళ్ళాం, కానీ అప్పటికి ఆవిడకి చూపు తగ్గిపోయింది. గుళ్ళో నిలబెట్టి "అదిగో అమ్మా, రాముడు" అని చూపిస్తుంటే "ఏడమ్మా" అని గాలిలో చేయి చాచారు. ఆ చేయి నాకిప్పటికీ గుర్తొస్తుంది.

సూరీ, మీ అమ్మగారు నగ అడగలేదు, చీర అడగలేదు. ఒక్క ఆదివారం అడిగారు. తీసుకెళ్ళు నాయనా. పైదాకా ఎక్కకపోయినా ఫరవాలేదు. ఆ కొండ మీద ఆవిడ కాలు పడాలి.

విజయనగరం_వాణి
లక్ష్మి గారూ, మీ అత్తగారి విషయం చదివి మనసు పాడైంది. వెళ్ళొద్దని నేననలేదండీ, జాగ్రత్త గురించే నా భయం. మా పెదనాన్న ఒకసారి చలిలో ఇలాగే ఇంకో కొండెక్కి ఆయాసంతో కూలబడ్డారు. పైన ఆక్సిజన్ తక్కువంటారు కూడా.

పలాస_నర్సు
ఆక్సిజన్ భయం మహేంద్రగిరికి అక్కర్లేదు. ఎత్తు 1,501 మీటర్లు. ఆ ఎత్తులో గాలి చాలక ఇబ్బంది పడేది మామూలుగా ఉండదు. అది హిమాలయాల్లో, ఇంకా చాలా పైకి వెళ్ళినప్పటి మాట. గుండె జబ్బో ఆస్తమానో ఉంటే మాత్రం డాక్టరుని అడగకుండా కదలొద్దు.

ఆవిడకున్నవి మూడు: బీపీ, మోకాలు, వాంతులు. చలికి రక్తనాళాలు కుంచించుకుపోయి బీపీ పెరుగుతుంది. కాబట్టి ఆ రోజు మాత్ర మానకూడదు. "గుడికి వెళ్తున్నా, ఉపవాసం" అని మాత్రలు కూడా మానేసేవాళ్ళని రోజూ చూస్తుంటాను. ఏదైనా తిని వేసుకోమనండి. వాంతుల మాత్ర తీసుకునేటట్టయితే బండెక్కడానికి అరగంట ముందే. ముందు సీట్లో కూర్చోబెట్టండి, వెనక సీటు వద్దు. మోకాలికి ఎక్కడం కన్నా దిగడమే కష్టం. చేతికర్ర తప్పనిసరి.

ఇంకొకటి, మగపిల్లలకి తట్టదని చెప్తున్నాను. దారిలో బాత్రూమ్ దొరకదేమోనని మన అమ్మలు ముందు రోజు రాత్రి నుంచే నీళ్ళు తాగడం మానేస్తారు. పైన కళ్ళు తిరిగితే చలి వల్లే అనుకుంటాం. పర్లాకిమిడిలో మంచి చోటు చూసి ఆపుతానని ఆవిడకి ముందే చెప్పండి. ఆ ధైర్యం ఉంటే నీళ్ళు తాగుతారు.

సోంపేట_సూరి
నర్సు గారూ, ఆ చివరి మాట నాకు నిజంగా తట్టేది కాదు. ఇప్పుడే అమ్మకి చెప్పాను. "ఎవరు చెప్పారు నీకు?" అని నవ్వింది.

గజపతినగరం_లెక్చరర్
చలి ఎంతుంటుందో లెక్క వేసుకోండి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. తెల్లవారుజామున మీ సోంపేటలో 17 ఉంటే పైన 8, 9 దగ్గర ఉండొచ్చు. గాలి వీస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. అయితే ఇంకో విషయం ఉంది. చలికాలం పొగమంచు ఎక్కువగా పల్లంలో పేరుకుంటుంది. చాలాసార్లు కింద ఏమీ కనబడదు, పైకి వెళ్తే ఎండ కాస్తుంది. కాబట్టి ఇంటి దగ్గర మంచు చూసి ప్రయాణం మానుకోకండి, అలాగని మంచులో తొందరపడి నడపనూ వద్దు.

ఉద్దానం_జీడి
జంతువుల మాట ఎవరూ ఎత్తలేదు. మా వైపు జీడి తోటల్లో ఎలుగుబంట్ల సంగతి అందరికీ తెలుసు. ఒడిశా నుంచి దిగిన ఏనుగులు మన జిల్లాలో చేసిన నష్టం కూడా చూశాం. పగటిపూట రోడ్డు మీద బండిలో వెళ్తే ఏమీ కాదు. చీకటి పడ్డాక అడవి దారిలో ఉండకూడదు, అంతే. మూడింటికల్లా దిగడం మొదలుపెట్టండి.

రాజాం_రాజు
మాస్టారు ఎక్కడ? ఈ కొండ గురించి మాట్లాడుతుంటే ఆయన రాకపోవడం వింతగా ఉంది. ఒక డౌటు కూడా ఉంది. హనుమంతుడు లంకకి ఎగిరింది ఈ కొండ మీంచే కదా?

నరసన్నపేట_మాస్టారు (శనివారం పొద్దున)
వచ్చాను బాబూ, రాత్రి పెందరాళే పడుకున్నాను. హనుమంతుడు ఎగిరిన మహేంద్రం దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్నది. మన కొండ పరశురాముడిది. భూమినంతా దానం చేసేసి ఆయన తపస్సుకి వచ్చింది ఇక్కడికేనని, చిరంజీవి కనుక ఇప్పటికీ ఇక్కడే ఉన్నాడని మనవాళ్ళ నమ్మకం.

సూరీ, నువ్వు ఒడిశా కొండకి వెళ్తున్నావు అనుకోకు, నీ జిల్లా మూలానికే వెళ్తున్నావు. ఆ కొండ మీది గోకర్ణేశ్వరుడు కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల కులదైవం. వాళ్ళ రాగి శాసనాలు చాలావాటిలో ముందు ఆ మహేంద్రగిరి మీది గోకర్ణస్వామిని తలచుకున్నాకే రాజు పేరు వస్తుంది. వాళ్ళ రాజధాని కళింగనగరం అంటే వంశధార ఒడ్డున మన శ్రీముఖలింగమే అని పండితులు తేల్చారు. పూరీలో జగన్నాథుడి పెద్ద గుడి మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో పట్టాభిషిక్తుడైందీ ఆ వంశంలోనే. అంటే ముఖలింగంలో కూర్చుని రాజ్యమేలినవాళ్ళు దండం పెట్టిన కొండ అది.

11వ శతాబ్దంలో రాజేంద్ర చోళుడి సేన అంత దూరం నుంచి వచ్చి ఆ కొండ మీద విజయస్తంభం వేయించింది. ఆ సంగతి చెప్పే శాసనం సంస్కృతంలోనూ తమిళంలోనూ ఉంది. పక్కనే చోళుల పులి, రెండు చేపల గుర్తు చెక్కి ఉంటుంది. చిన్న గుర్తే, జనం దాన్ని చూడకుండా ఫోటోలు దిగి వచ్చేస్తారు. నువ్వు వెతుకు.

గుళ్ళు మూడు. కుంతి గుడి, ధర్మరాజు గుడి, అన్నిటికన్నా పైన భీముడి గుడి. భీముడి గుడి చూస్తే ఆశ్చర్యపోతావు. చిన్నది, కానీ కొద్దిపాటి రాళ్ళతోనే కట్టారు, ఒక్కొక్కటీ అంత పెద్ద బండ.

మందస_కోవా
మాస్టారూ, పాండవులు అజ్ఞాతవాసంలో కట్టుకున్నారని కదా మా నాయనమ్మ చెప్పేది. ఒక్క రాత్రిలో భీముడు ఆ బండలు మోశాడట.

నరసన్నపేట_మాస్టారు
మీ నాయనమ్మ చెప్పినదాన్ని నేను కాదనను. కట్టిన తీరు చూసి చరిత్రకారులు చెప్పే కాలం వేరు. ఆ బండని మనుషులు అంత ఎత్తుకి ఎలా చేర్చారన్నది చూసినప్పుడు భీముడు గుర్తు రావడం సహజమే కదా.

బారువ_కెరటం
మా బారువలో సముద్రంలో కలిసే మహేంద్రతనయ పుట్టింది ఆ కొండ మీదే. శివరాత్రికి మేము ఇక్కడ కోటిలింగేశ్వరుడి దగ్గర స్నానాలు చేసేటప్పుడు మా తాత ఆ కొండ వైపు తిరిగి దండం పెట్టేవాడు. సూరి గారూ, అమ్మగారు పైనుంచి ఎటైనా చూస్తే మా ఊరు వైపు కూడా ఒకసారి చూడమనండి. మబ్బు లేకపోతే సముద్రం కనిపిస్తుంది.

రాజాం_రాజు
నాదొక అభ్యంతరం. ఆదివారం కాకుండా సోమవారం వెళ్ళండి. డిసెంబరు ఆదివారాల్లో పిక్నిక్ గుంపులు. పోయినేడు మేము వెళ్ళినప్పుడు గుడికి ఇరవై అడుగుల దూరంలో బాక్సు పెట్టి డాన్సులు. కింద రాళ్ళ మధ్య మందు సీసాలు పగలగొట్టారు, చెప్పులు విడిచి నడిచేవాళ్ళ కాళ్ళకి గుచ్చుకుంటాయన్న ఆలోచన కూడా లేదు. కోపం ఆగలేదు. నేను, మా తమ్ముడు ఒక గోనెసంచి నిండా ఏరుకుని దించాం, ఇంకా మిగిలిపోయాయి.

ఎస్‌కోట_చిన్నోడు
పుణ్యగిరిలోనూ ఇదే బాధ. కార్తీక వనభోజనాలకి వచ్చి ఆకులు, గ్లాసులు ధారలోనే వదిలేస్తారు. తాగే నీళ్ళవి.

ఉద్దానం_జీడి
దారిలో గూడేల దగ్గర కూడా మర్యాద ఉండాలి. ముసలమ్మల ముఖం మీద ఫోన్ పెట్టి ఫోటోలు తీస్తారు. దారి చూపించిన సవర కుర్రాడికి పదో ఇరవయ్యో చేతిలో పెట్టి వచ్చేస్తారు. రోజంతా మీ వెంట తిరిగిన మనిషికి ఊళ్ళో ఒక రోజు కూలి ఎంత ఇస్తారో అంత ఇవ్వండి. వాళ్ళ ఇంటి ముందు నుంచి వెళ్తున్నాం మనం.

సోంపేట_సూరి
ఆదివారమే కుదురుతుంది, సోమవారం నాకు డ్యూటీ. రేపు తెల్లవారుజామున బయలుదేరుతున్నాం. నేను, అమ్మ, మా ఆవిడ. తమ్ముడు కూడా వస్తానంటున్నాడు, ఈ థ్రెడ్ చదివాడు. పులిహోర కలుపుతున్నారు. మంకీ క్యాపు పెట్టుకోనని అమ్మ గొడవ, శాలువా చాలట.

పలాస_నర్సు
చెవులు కప్పుకోవాలి. శాలువానే తల మీంచి చుట్టి పిన్ను పెట్టండి, ఒప్పుకుంటారు.

సోంపేట_సూరి (సోమవారం)
వెళ్ళొచ్చాం. నిన్న రాత్రే రాద్దామనుకున్నాను, ఒళ్ళు సహకరించలేదు.

పాతపట్నం దాటేదాకా ముందున్న లారీ వెనక లైటు తప్ప ఏమీ కనబడలేదు. పర్లాకిమిడిలో ఆపి ఇడ్లీ తిన్నాం, అమ్మ మాత్ర వేసుకుంది. అక్కడే బొలేరో దొరికింది. లెక్చరర్ గారు చెప్పినట్టే ఘాట్ సగం ఎక్కేసరికి మంచు కిందికి పోయింది, పైన ఎండ. ముందు సీటు వల్ల అమ్మకి వాంతి కాలేదు. దారి పొడుగునా యాలక్కాయ నములుతూ కూర్చుంది.

బండి ఆగిన దగ్గర్నుంచి కుంతి గుడికి మెల్లగా నడిపించాం. అక్కడితో చాలనుకున్నాను. అమ్మ లింగం ముందు కూర్చుంది, కళ్ళు మూసుకోలేదు, చూస్తూనే ఉంది. తర్వాత పూజారితో ఒరియాలో మాట్లాడటం మొదలుపెట్టింది! అమ్మకి ఒరియా వచ్చని నాకు తెలియదు. మందసలో పక్కింటి వాళ్ళు ఒరియా వాళ్ళట, చిన్నప్పుడు వాళ్ళింట్లోనే పెరిగిందట. ఇన్నేళ్ళలో మేము అడగలేదు, ఆవిడ చెప్పలేదు. వాళ్ళిద్దరూ ఎవరెవరి ఊళ్ళ సంగతులో మాట్లాడుకుంటుంటే మేము ముగ్గురం పక్కన నిలబడ్డాం.

అక్కడి నుంచి "ధర్మరాజు గుడి ఎంత దూరం?" అంది. ఒక బరంపురం కుటుంబం దిగుతూ వాళ్ళ కర్ర ఇచ్చేశారు (మేము తీసుకెళ్ళింది పొట్టిదైపోయింది). తమ్ముడు ఒక చెయ్యి, కర్ర ఒక చెయ్యి. నాలుగడుగులు, ఒక బండ మీద కూర్చోవడం, మళ్ళీ నాలుగడుగులు. వేసవి అన్నవాడే ఎక్కువ ఓపికగా నడిపించాడు. భీముడి గుడి దగ్గర మాత్రం ఆగిపోయింది, "మీరు వెళ్ళి రండి, నేనిక్కడ కూర్చుంటా" అంది. మా ఆవిడ తోడుగా ఉండిపోయింది. మేమిద్దరం వెళ్ళాం. మాస్టారూ, మీరన్నది నిజం. రాయి మీద రాయి ఆనించిన చోట వేలి గోరు కూడా దూరలేదు. అరచెయ్యి పెడితే ఆ ఎండలోనూ రాయి మంచుముక్కలా ఉంది.

మూడింటికి దిగాం. దిగేటప్పుడే మోకాలు బాగా నొప్పెట్టింది. ఈ పూట వేడినీళ్ళ కాపడం పెట్టుకుని పడుకుంది.

ప్లాస్టిక్ ఒక సంచీడు దించాం. డాన్సు గుంపు ఒకటి ఉంది, గుడికి దూరంగానే ఉన్నారు.

అరసవల్లి_లక్ష్మి
చదువుతుంటే కళ్ళు తడిశాయి సూరీ. అమ్మకి నా నమస్కారం చెప్పు.

నరసన్నపేట_మాస్టారు
పులి, చేపలు చూశావా?

సోంపేట_సూరి
దొరకలేదు మాస్టారూ. అమ్మని చూసుకోవడంలో ఎక్కువ వెతకలేకపోయాను.

బారువ_కెరటం
సముద్రం?

సోంపేట_సూరి
తెల్లగా మబ్బే. బారువ ఎటు అని అమ్మ అడిగింది, తూర్పు వైపు చూపించాను. దండం పెట్టింది.

విజయనగరం_వాణి
సూరి గారూ, క్షేమంగా వెళ్ళొచ్చారు, సంతోషం. నాన్నగారిని తీసుకెళ్దామని మా ఇంట్లోనూ మొదలైంది. ఆయనకి డెబ్బై రెండు, మోకాళ్ళు బాగానే ఉన్నాయి, కారు లేదు. విజయనగరం నుంచి బస్సుల మీద అవుతుందా?

పాతపట్నం_బండి
అవుతుంది. విశాఖ–గుణుపూర్ రైలు విజయనగరం మీదుగా పర్లాకిమిడి వస్తుంది. బస్సయితే శ్రీకాకుళం వచ్చి అక్కడ పాతపట్నం బస్సు పట్టుకోవాలి. ఎలా వచ్చినా పర్లాకిమిడిలో దిగేసరికి పొద్దు ఎక్కిపోతుంది. అదే రోజు కొండెక్కి దిగుదామనుకోవద్దు. రాత్రికి పర్లాకిమిడిలో రూము తీసుకుని తెల్లవారాక బయలుదేరండి. సంక్రాంతి వారం మాత్రం వద్దు, రూములు, బళ్ళు రెండూ దొరకవు.

విజయనగరం_వాణి
అయితే ఈ బుధవారం వచ్చి గురువారం ఎక్కుతాం. బండి మాట్లాడి పెడతారా? ముగ్గురం.

పాతపట్నం_బండి
పెడతాను. ఇంకో ముగ్గురికి చోటుంటుంది, ఎవరైనా వస్తే ఖర్చు పంచుకోవచ్చు.

రాజాం_రాజు
నేను ఒకడిని. గోనెసంచులు నేను తెస్తాను.

నరసన్నపేట_మాస్టారు
నా పేరు కూడా రాసుకోండి. కుంతి గుడి దాటి రాలేకపోతే అక్కడే కూర్చుంటాను.